ఆర్సీ నా పేరున, పాలసీ పాత యజమాని పేరున: ఈ ప్రమాదానికి ‘బాధ్యత’ ఎవరిది?

సూర్యాపేట జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఐదు నెలల కిందట ఆయన తెలిసిన వ్యక్తి దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఆర్టీఏ కార్యాలయానికి వెళ్ళి ఆర్సీని తన పేరుకు మార్పించుకున్నారు గానీ, ఇన్సూరెన్స్ మాత్రం మార్చుకోలేదు. ‘పాలసీకి ఇంకా గడువుంది, రెన్యువల్ అప్పుడు చూసుకోవచ్చు’ అన్న అమ్మినాయన మాట విని అలాగే వదిలేశారు. మూడు వారాల కిందట ఆయన తమ్ముడు కారు నడుపుతుండగా, హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన సర్వీసు రోడ్డు మలుపులో ఒక మోటారు సైకిల్‌ను ఢీకొన్నారు. బండి నడుపుతున్న 28 ఏళ్ళ యువకుడికి కాలు విరిగి రాడ్డు వేశారు. వెనక కూర్చున్న అతని మేనమామకు భుజం ఎముక చిట్లింది. అన్నదమ్ములిద్దరే వాళ్ళను కారులో ఆసుపత్రికి చేర్చారు. ఆ యువకుడి చెప్పు ఒకటి ఇంకా కారు వెనక సీటు కిందే ఉందనీ, దాన్ని తీయడానికి చేతులు రావడం లేదనీ రాశారు.

ఆ తర్వాత కాగితాలు రావడం మొదలైంది. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 281, 125(బి) సెక్షన్ల కింద తమ్ముడి మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, స్టేషన్ బెయిలు ఇచ్చి, డ్రైవరు నింపవలసిన ఫారం ఒకటి, యజమాని నింపవలసిన ఫారం ఒకటి చేతికిచ్చారు. కారు మరమ్మతుకు షెడ్డులో 1,85,000 రూపాయల ఎస్టిమేట్ వేశారు. ఆ క్లెయిమ్‌ను బీమా కంపెనీ ‘ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ లేనందున’ తిరస్కరించింది. పాత యజమానితో సంతకం పెట్టించి, అమ్మకం ప్రమాదం తర్వాతే జరిగినట్టు చూపిస్తే డబ్బు వస్తుందని షెడ్డులో ఒకరు సలహా ఇచ్చారు. ఊరి పెద్దలేమో నాలుగు లక్షలకు రాజీ కుదిర్చి స్టాంపు కాగితం సిద్ధం చేశారు. తండ్రి అర ఎకరం అమ్ముదామంటున్నారు. తమ్ముడు ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నాడు. ‘బీమా కంపెనీ మాకు సంబంధం లేదంది కనుక మొత్తం మేమే కట్టాలా? ఫారంలో ఇన్సూరెన్స్ లేదని రాయాలా? ఆ కాగితం మీద సంతకం చేయాలా? లయబిలిటీ, నెగ్లిజెన్స్, థర్డ్ పార్టీ అంటూ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, ఏది ఏమిటో అర్థం కావడం లేదు’ అని అడిగారు.

మాస్టారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టాంపు కాగితం నకలు కూడా మీరు జతచేయడం మంచిదైంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందుగా ఒక్క విషయం: ఫారంలో ‘ఇన్సూరెన్స్ లేదు’ అని దయచేసి రాయకండి. అది నిజం కాదు. మీ కారుకు ప్రమాదం జరిగిన రోజున చెల్లుబాటయ్యే బీమా ఉంది. కంపెనీ మీకు రాసిన తిరస్కరణ లేఖకు మీరు తీసుకున్న అర్థం వేరు, దాని అసలు అర్థం వేరు.

మీరు ఒక్క ప్రమాదం గురించి రాశారు గానీ, చట్టం కళ్ళకు అక్కడ మూడు వ్యవహారాలున్నాయి. మొదటిది క్రిమినల్ కేసు, అది ప్రభుత్వానికీ మీ తమ్ముడికీ మధ్య. రెండోది నష్టపరిహారం వ్యవహారం, అది గాయపడిన ఇద్దరికీ, మీ తమ్ముడికీ, యజమానిగా మీకూ, బీమా కంపెనీకీ మధ్య. మూడోది కారు మరమ్మతు ఖర్చు, అది మీకూ బీమా కంపెనీకీ మధ్య. కంపెనీ కాదన్నది ఈ మూడోదాన్ని మాత్రమే. మన తెలుగులో ‘బాధ్యత’ అనే ఒక్క మాటనే మూడు చోట్లా వాడేస్తాం. పోలీసు అడిగే బాధ్యత నేరానికి, ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ అడిగే బాధ్యత డబ్బు చెల్లింపుకు, ఊరి పెద్దలు అడిగే బాధ్యత మనిషితనానికి. ఒక చోట చెప్పవలసిన మాట మరో చోట కాగితం మీదికి ఎక్కితే నష్టం జరుగుతుంది. మీ స్టాంపు కాగితంలో జరగబోతున్నది సరిగ్గా అదే.

‘థర్డ్ పార్టీ’ అన్న మాట దగ్గర మొదలుపెడతాను, మీ భయమంతా దాని చుట్టూనే ఉంది. కార్లు అమ్మేవాళ్ళూ ఏజెంట్లూ ‘ఫుల్ ఇన్సూరెన్స్’, ‘ఫస్ట్ పార్టీ’, ‘బంపర్ టు బంపర్’ అని రకరకాలుగా అంటుంటే, విన్నవారికి థర్డ్ పార్టీ అంటే అన్నిటికన్నా తక్కువ రకం పాలసీ అన్న అభిప్రాయం కలుగుతుంది. అది రకానికి పేరు కాదు, మనిషికి పేరు. బీమా ఒప్పందంలో మొదటి పక్షం, రెండో పక్షం పాలసీదారూ కంపెనీయే. ఆ ఒప్పందంతో ఏ సంబంధమూ లేకుండా రోడ్డు మీద వెళుతూ దెబ్బ తిన్నవాడు మూడో పక్షం. అతని కోసమే మోటారు వాహనాల చట్టం 1988, 146వ సెక్షన్‌లో, బీమా లేని వాహనం రోడ్డెక్కకూడదని శాసించింది. మీ దగ్గరున్నది ప్యాకేజీ పాలసీ. దాన్ని తిప్పి చూస్తే ప్రీమియం రెండు గడుల్లో విడిగా కనిపిస్తుంది: ఒక గడిలో ‘ఓన్ డ్యామేజ్’, అంటే సొంత కారుకు జరిగే నష్టం, మరో గడిలో ‘లయబిలిటీ’, అంటే ఇతరులకు మనం చెల్లించవలసిన పరిహారం. ఒకే కాగితం మీద అచ్చయినా అవి రెండు వేర్వేరు హామీలు. కారు చేతులు మారినప్పుడు ఆ రెండింటి గతీ రెండు విధాలుగా ఉంటుంది.

లయబిలిటీ హామీ బండితో పాటే వస్తుంది. వాహనం బదిలీ అయినప్పుడు పాలసీ కూడా కొన్నవారి పేరుకు బదిలీ అయినట్టే భావించాలని 157వ సెక్షన్ చెబుతోంది. కొన్నవారు 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలనీ అదే సెక్షన్ చెబుతుంది, అది మీరు చేయలేదు. కానీ ఆ లోపాన్ని చూపించి గాయపడినవాడి హక్కును కాదనడానికి వీల్లేదని జి. గోవిందన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. ఓన్ డ్యామేజ్ హామీ అలా రాదు. 157వ సెక్షన్ ఇచ్చే వెసులుబాటు మూడో పక్షానికే గానీ సొంత కారు నష్టానికి వర్తించదని కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో అదే కోర్టు 1995లో చెప్పింది. ‘ఇన్సూరబుల్ ఇంటరెస్ట్’ అంటే, ఆ వస్తువు పాడైతే నష్టపోయే స్థితిలో బీమా చేయించుకున్న మనిషి ఉండటం. పాలసీలో పేరున్న పాత యజమాని కారు అమ్మేశాడు కాబట్టి, కారు నుజ్జయినా ఆయనకు పోయేదేమీ లేదు. పోయేది మీకు, కానీ మీకూ కంపెనీకీ మధ్య ఆ మేరకు ఒప్పందం లేదు. కంపెనీ లేఖ సారాంశం ఇంతే. కాలు విరిగిన యువకుడి పరిహారం గురించి అందులో ఒక్క అక్షరం లేదు, ఉండటానికి వీలూ లేదు.

కాబట్టి యజమాని ఫారంలో పాలసీ నంబరు రాయండి, కంపెనీ పేరు రాయండి, గడువు తేదీలు రాయండి, పాలసీ ఎవరి పేరున ఉందో రాయండి, ఆర్సీ మీ పేరుకు మారిన తేదీ రాసి పాలసీ, ఆర్సీ, తమ్ముడి లైసెన్సు నకళ్ళు జతచేయండి. 2022లో మారిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం డ్రైవరు, యజమాని ఈ ఫారాలను ప్రమాదం జరిగిన 30 రోజుల్లోగా ఇవ్వాలి. దర్యాప్తు అధికారి వాటిని కలుపుకొని 90 రోజుల్లో సవివర ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికే పరిహారపు దరఖాస్తుగా మారవచ్చు. అందువల్ల మీరు ఇవాళ ఆ గడులలో రాసే మాట రేపు న్యాయమూర్తి చదివే మాట. వారం రోజులు మాత్రమే మిగిలాయి కనుక ఆలస్యం చేయవద్దు.

దానితో పాటు కంపెనీకి మరో లేఖ రాయండి. ఇప్పటిదాకా మీరు వారికి మరమ్మతు క్లెయిమ్ గురించే చెప్పారు. ఫలానా తేదీన ఫలానా చోట ప్రమాదంలో ఇద్దరు గాయపడ్డారు, ఎఫ్‌ఐఆర్ నంబరు ఇది, వారి నుంచి పరిహారం కోరే అవకాశం ఉంది అని థర్డ్ పార్టీ విషయాన్ని రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రసీదు తీసుకోండి. మోటారు పాలసీల్లో మొదటి షరతే ఇది.

రెండో షరతు దగ్గర మీరు ఆగి చదవాలి. పాలసీ వెనక సన్నని అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు బాధ్యతను ఒప్పుకోవడం గానీ, ఇంత ఇస్తానని మాట ఇవ్వడం గానీ, సొమ్ము చెల్లించడం గానీ చేయకూడదని దాని భావం. ఇప్పుడు మీ స్టాంపు కాగితంలో నాలుగో పంక్తి చూడండి: ‘మా తమ్ముని అజాగ్రత్త వలన ప్రమాదము జరిగినందున పూర్తి బాధ్యత మాదేనని ఒప్పుకొని నాలుగు లక్షల రూపాయలు చెల్లించుటకు అంగీకరించి’. ఆ ఒక్క పంక్తిలో షరతు నిషేధించిన మూడూ వరుసగా ఉన్నాయి. ‘అజాగ్రత్త’ క్రిమినల్ కోర్టుకు పనికొచ్చే మాట, ‘పూర్తి బాధ్యత’ ట్రైబ్యునల్‌కు పనికొచ్చే మాట. రాసిన పెద్దమనిషి దురుద్దేశంతో రాయలేదు, తరతరాలుగా వస్తున్న రాజీ భాష అది. అయినా దాని మీద మీరిద్దరూ సంతకం చేస్తే మీ మీద మీరే సాక్ష్యం రాసిచ్చినట్టవుతుంది, ఇచ్చిన సొమ్మును కంపెనీ నుంచి రాబట్టుకునే దారీ మూసుకుపోతుంది.

పోనీ, దానికి బదులు మీకు దక్కేదేమిటో చూద్దాం. కాగితం చివర ‘ఇకమీదట ఎట్టి కేసులు ఉండవు’ అని ఉంది. క్రిమినల్ కేసులో ఫిర్యాదు చేసింది ఆ కుటుంబమే అయినా, నడిపేది ప్రభుత్వం. 125వ సెక్షన్ కింద గాయపరిచిన నేరాన్ని గాయపడిన వ్యక్తి కోర్టులో రాజీ చేసుకోవచ్చు. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు సంబంధించిన 281వ సెక్షన్ మాత్రం రాజీకి వీలైన నేరాల పట్టికలో లేదు. అందుకే ఇలాంటి కేసుల్లో ఒక్కోసారి హైకోర్టు దాకా వెళ్ళి కొట్టివేయించుకోవలసి వస్తుంది. ఊళ్ళో రాసుకున్న కాగితంతో ఏ సెక్షనూ పోదు. ఇక పరిహారం సంగతికి వస్తే, ఆ కాగితం మీద వాళ్ళ తరఫున సంతకం చేస్తున్నది యువకుడూ అతని తండ్రీ మాత్రమే. భుజం విరిగిన మేనమామ పేరు అందులో ఎక్కడా లేదు. ఆయన రేపు విడిగా ట్రైబ్యునల్‌కు వెళితే మీరు ఆపలేరు. సంతకం చేసిన యువకుడే వెళ్ళినా ‘నేను ఇంత ఇచ్చాను, లెక్కలో తీసుకోండి’ అని అడగగలరేమో గానీ, ఆ కాగితం అతన్ని కచ్చితంగా ఆపుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

అలాగని నాలుగు లక్షలు అన్యాయమైన అడుగుదల అని నేను అనడం లేదు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఈ లెక్క మీకు నచ్చుతుంది. ఆ యువకుడు నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకోండి. కాలికి ఇంత శాతం వైకల్యం అని డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం ఒకటి, దానివల్ల అతని సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నది మరొకటి. ఈ రెండూ ఒకటి కావని రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో వివరించింది. కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకూ, సెంట్రింగు పనికి నిచ్చెనెక్కే మనిషికీ అదే ఎముక విరిగినా నష్టం ఒకటి కాదు కదా. సంపాదన శక్తి 10 శాతం తగ్గిందని తేలితే, ఏడాదికి 1,80,000లో 18,000. 28 ఏళ్ళ వయసుకు 2009 నాటి సర్లా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం గుణకం, అంటే ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చించాలో ఆ అంకె, 17. అంటే 3,06,000. నలభై ఏళ్ళలోపు సొంతంగా పనిచేసుకునే వారికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అది కలిపితే 4,28,400. ఆసుపత్రి బిల్లులు, పనికి వెళ్ళలేని నెలల కూలీ, నొప్పికీ బాధకూ ఇచ్చేది దీనికి అదనం. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు, అతని అసలు ఆదాయమూ వైకల్యమూ ట్రైబ్యునల్‌లో తేలవలసిందే. కానీ నాలుగు లక్షలు పుచ్చుకుని ఆ కుర్రవాడు నష్టపోయే అవకాశమూ ఉందని మీరు గుర్తించాలి. అర ఎకరం అమ్మి మీరు నష్టపోతారు, రావలసినది తెలియక అతనూ నష్టపోతాడు, ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ మాత్రం ఒక్క రూపాయి తీయదు.

‘అతనికి లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు, కాబట్టి తప్పు అతనిదే కాదా’ అని మీరు ఒకచోట రాశారు. దీన్ని ‘కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అంటారు, గాయపడినవాడి నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి తోడవడం. అది రుజువైతే అతని వాటా మేరకు పరిహారం తగ్గిస్తారు. అయితే లైసెన్సు లేకపోవడం జరిమానాకు కారణం అవుతుంది గానీ, అదొక్కటే ప్రమాదానికి కారణం కాదని సుప్రీంకోర్టు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. హెల్మెట్ లేకపోవడం వల్ల కాలు విరగదు. అతను సర్వీసు రోడ్డులోకి రాంగ్ రూటులో వచ్చాడా, మలుపులో చూడకుండా దూరాడా అన్నవే లెక్కకు వస్తాయి. స్థల పంచనామా, రోడ్డు స్కెచ్చు, రెండు బండ్లకూ ఎక్కడెక్కడ సొట్టలు పడ్డాయో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రాసే ఎంవీఐ రిపోర్టు, పక్కన దాబాకో బంకుకో సీసీ కెమెరా ఉంటే దాని దృశ్యాలు, వీటి వల్ల అది తేలుతుంది. కెమెరా దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతుంటాయి, భద్రపరచమని దర్యాప్తు అధికారికి ఇవాళే అర్జీ ఇవ్వండి. అందులో మీ తమ్ముడి వేగం కూడా కనిపించవచ్చు. అయినా అడగండి, నిజం ఏదైతే దాని మీదే వాటాలు పడాలి.

మేనమామగారి సంగతి వేరు. ఆయన వెనక కూర్చున్నారు, హ్యాండిల్ ఆయన చేతిలో లేదు. ఆయన విషయంలో రెండు బండ్ల నిర్లక్ష్యమూ కలిసి ‘కాంపోజిట్ నెగ్లిజెన్స్’ అవుతుంది. అలాంటి మనిషి తనకు రావలసిన మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా పూర్తిగా రాబట్టుకోవచ్చని ఖెన్యే కేసులో 2015లో తీర్పు వచ్చింది. పేర్లు వినడానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ రెంటినీ కలిపేసి, ‘మేనల్లుడిది సగం తప్పు, కాబట్టి మామకూ సగమే’ అని వాదించేవారు ఉన్నారు. అది చెల్లదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఒకటి, ఏమీ చేయకుండా వాళ్ళు ట్రైబ్యునల్‌కు వెళ్ళేదాకా ఆగడం. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్న నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ అమలులోకి వచ్చింది. దాన్ని సవాలు చేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరాయి. ఆ గడువు తెలియక వాళ్ళు ఆలస్యం చేస్తే మనకు మేలు కదా అన్న ఆలోచన మీ ఉత్తరంలో లేదు, అందుకు మీ మీద నా గౌరవం పెరిగింది. ఈ దారిలో కేసు ఏళ్ళు పడుతుంది, కానీ తీర్పు సొమ్ము కంపెనీ కడుతుంది, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా సాధారణంగా దానిమీదే పడుతుంది. శరీర గాయాలకు ప్యాకేజీ పాలసీలో గరిష్ఠ పరిమితి లేదు.

రెండు, ఆ కుటుంబంతో మాట్లాడి వారిని త్వరగా దరఖాస్తు చేయించి, కంపెనీని కూడా కూర్చోబెట్టి రాజీ చేసుకోవడం. నేనైతే ఈ దారికే మొగ్గుతాను. 149వ సెక్షన్ ప్రకారం బీమా కంపెనీ ఒక అధికారిని నియమించి పరిష్కార ప్రతిపాదన ఇవ్వాలి. అది కుదరకపోతే జిల్లా కోర్టులో లోక్ అదాలత్‌కు పంపమని అడగవచ్చు. అక్కడ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, సొమ్ము కంపెనీ నుంచి వస్తుంది, మేనమామగారిదీ అక్కడే తేల్చుకోవచ్చు. పోరాడితే వచ్చేదానికన్నా కొంత తక్కువ వస్తుంది గానీ, రాడ్డు తీయించుకునే నాటికి చేతిలో డబ్బుంటుంది.

మూడు, పెద్దల రాజీయే కావాలనుకుంటే, ఆ కాగితాన్ని ఇలాగే వదలకండి. ముందు కంపెనీకి రాసి అనుమతి అడగండి. వారు ఒప్పుకోకపోతే, ఇచ్చే సొమ్ము తిరిగి రాదని తెలిసే ఇవ్వండి. నిర్లక్ష్యం, బాధ్యత అన్న మాటలు తీసేసి, ‘బాధ్యతను ఒప్పుకోకుండా వైద్య సహాయంగా’ అని రాయించి, గాయపడిన ఇద్దరి సంతకాలూ తీసుకోండి.

మీరు ఏ దారి పట్టినా, ట్రైబ్యునల్ నుంచి నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. అందులో ఒకటో ప్రతివాది మీ తమ్ముడు, రెండో ప్రతివాది మీరు, మూడో ప్రతివాది కంపెనీ అయి ఉంటారు. ‘ఎలాగూ కంపెనీ చూసుకుంటుంది’ అనుకుని హాజరుకాని యజమానులను ఎంతోమందిని చూశాను. వారిని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే వారు లేకుండానే కేసు నడుపుతారు. ఆ తర్వాత కంపెనీ లాయరు లేచి, డ్రైవరు లైసెన్సు చూపమని యజమానికి నోటీసు ఇచ్చాం, చూపలేదు అంటాడు. దాన్నిబట్టి షరతు ఉల్లంఘించినట్టు తేల్చితే ‘పే అండ్ రికవర్’ అని తీర్పు వస్తుంది. అంటే కంపెనీ ముందు బాధితుడికి కట్టి, ఆ తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. బీరువాలో లైసెన్సు ఉండి కూడా, దాన్ని కోర్టుకు చూపని కారణాన జప్తు నోటీసు అందుకున్న కుటుంబం నాకు తెలుసు. మీ తమ్ముడికి లైసెన్సు ఉంది, తాగి లేడు, కిరాయికి నడపలేదు. ఈ మూడూ కాగితాలతో రుజువైతే కంపెనీకి తప్పించుకునే సందు దాదాపు ఉండదు.

తమ్ముడి క్రిమినల్ కేసు గురించి. 125(బి) కింద మూడేళ్ళ వరకు జైలు గానీ, పదివేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 281 కింద ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ఛార్జిషీటు వేశాక కోర్టు బయట ఎవరో ఒకరు ‘తప్పు ఒప్పేసుకో, జరిమానా కట్టి పోవచ్చు’ అంటారు. కాళ్ళరిగేలా తిరగనక్కర్లేదు నిజమే. కానీ జరిమానాతో పోయినా అది శిక్షే, ఆ ఒప్పుకోలు నకలు ట్రైబ్యునల్‌కూ చేరుతుంది. అతను ఉద్యోగానికి ఎంపికైతే ధ్రువీకరణ పత్రంలో ‘మీ మీద కేసులున్నాయా’ అన్న గడి ఉంటుంది. ఇలాంటి ప్రమాదపు కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోతుందని భయపడనక్కర్లేదు గానీ, ఉన్నదాన్ని దాచి ‘లేదు’ అని రాస్తే ఆ అబద్ధమే ఉద్యోగానికి చేటు. కేసు నడుస్తున్నంత కాలం ఉన్నది ఉన్నట్టు రాయాలని అతనికి ఇప్పుడే చెప్పండి. ఒప్పుకోవాలా, విచారణకు నిలబడాలా, బాధితునితో రాజీకి వెళ్ళాలా అన్నది కెమెరా దృశ్యాలూ పంచనామా చూశాక, క్రిమినల్ వైపు పనిచేసే న్యాయవాదితో కూర్చుని అతనే నిర్ణయించుకోవాలి.

కారు మరమ్మతు గురించి నేను మీకు పెద్ద ఆశ చూపలేను. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయవచ్చు, తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు తిరస్కరణ అందిన ఏడాదిలోగా రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళ గడువు ఉంది. కానీ 1995 నాటి కంప్లీట్ ఇన్సులేషన్స్ తీర్పు మీకు అడ్డంగా ఉంది. పేరు మార్పుకు మీరు దరఖాస్తు ఇచ్చినట్టు ఒక్క ఈమెయిలో, ఏజెంటు రసీదో దొరికితే కథ మారుతుంది, అది వెతకండి. లేకపోతే ఆ 1,85,000 మీ జేబులోంచే పోతుందని మనసు సిద్ధం చేసుకోవాలి. షెడ్డులో చెప్పిన దారి మాత్రం తొక్కకండి. ఆర్సీలో బదిలీ తేదీ ఆర్టీఏ రికార్డులో ఉంది, ఎఫ్‌ఐఆర్‌లో యజమానిగా మీ పేరే ఉంది. అమ్మకం తేదీ మార్చి రాస్తే అది ఫోర్జరీ అవుతుంది, మోసం అవుతుంది. అదొక్కటే కాదు, ఇప్పుడు నిబ్బరంగా నిలబడివున్న మీ థర్డ్ పార్టీ రక్షణను కూడా అనుమానంలోకి లాగుతుంది. పాత యజమాని కూడా అలాంటి సంతకం పెట్టకపోవడమే ఆయనకు క్షేమం. మీరు ఆర్సీ మార్పించుకోబట్టే ఆయన ఈ కేసులో లేడు. మార్చకపోయి ఉంటే, రికార్డులో పేరున్నవాడే యజమాని అన్న 2018 నాటి నవీన్ కుమార్ తీర్పు ప్రకారం రెండో ప్రతివాదిగా నిలబడవలసింది ఆయనే.

పాలసీ పేరు మార్పుకు ఇప్పటికైనా దరఖాస్తు ఇవ్వండి. ఆర్సీ నకలు, అమ్మినాయన అంగీకార పత్రం, కొద్దిపాటి రుసుము, క్లెయిమ్ చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో ఇచ్చిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్‌లో మిగిలిన కాలానికి తేడా సొమ్ము, ఇంతే అడుగుతారు. ఆ బోనస్ మనిషిది గానీ బండిది కాదు, అందుకే మీరు అది తిరిగి కట్టాలి. జరిగిన నష్టానికి అది పనికిరాదు, కానీ మరమ్మతయ్యాక కారును వారు చూసి పేరు మారిస్తే, ఆ తేదీ నుంచి మీ బండికి రెండు హామీలూ ఉంటాయి.

ఆసుపత్రికి వెళ్ళి ఆ కుర్రవాణ్ణి చూడవచ్చా అని చివరి పేజీలో భయపడుతూ అడిగారు. వెళ్ళండి మాస్టారూ. ఏ షరతూ పలకరింపును నిషేధించదు. ప్రమాదం ఎవరివల్ల జరిగిందన్న చర్చ అక్కడ పెట్టకండి, ఏ కాగితం మీదా సంతకం చేయకండి. బీమా ఉందనీ, దాని వివరాలు ఇవీ అని చెప్పి పాలసీ నకలు ఒకటి అతని తండ్రి చేతిలో పెట్టండి, మేనమామకు కూడా హక్కు ఉందని చెప్పండి, న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇప్పించగలదేమో కనుక్కోమనండి. సీటు కింద ఉన్న ఆ చెప్పు కూడా తీసుకువెళ్ళండి.